పసుపు సానరాయి పేరుతో మోసం: మంగలి కత్తి నూరుకునేవాళ్లు జాగ్రత్త

ప్రతి ప్రకటన కింద ‘గ్యారంటీ నాది’ అని రాసుకునే ఆ సానరాళ్ల వ్యాపారి మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. అతని దగ్గర బెల్జియం పసుపు రాయి, అంటే కోటిక్యూల్, 9,500 రూపాయలు పోసి కొన్నాను. కొత్తదని చెప్పాడు.

కత్తులకు పేరుపడ్డ జర్మనీ ఊరు జోలింగెన్‌లో తయారైన మా తాతగారి మంగలి కత్తికి చివరి మెరుగు పెట్టడానికి ఆ రాయి. 1000 గ్రిట్ నుంచి 8000 గ్రిట్ దాకా (అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన) నా రాళ్ల మీదే నూరుకున్నాను. నిన్న రాత్రి పసుపు రాయి తడిపి కత్తిని పట్టుమని పదిసార్లు నడిపానో లేదో, నీళ్లు పసుపు కలిపినట్టు అయిపోయాయి. ఆర్డెన్ కొండల్లో తవ్విన అసలు రాయికి రంగు దిగదు. దానిలోని గార్నెట్ అనే గట్టి ఖనిజపు సన్నటి రేణువులు ఉక్కును అరగదీస్తాయి, రాయి మీద పాలలాంటి మడ్డి లేచి మెల్లగా బూడిద రంగుకు తిరుగుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా పైన అంటిన దుమ్మేమో అనుకుని మరో నలభైసార్లు నడిపాను. ఆ నలభైసార్లకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

భూతద్దం పెట్టి చూస్తే అంచు పొడవునా రంపపు పళ్లు. రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, గాజు పలకపై పరిచిన వాటర్ పేపర్ మీద రుద్దాను. రెండు కొసల్లో గీతలు చెరిగిపోయాయి, నడుమ మాత్రం అలాగే మిగిలాయి. అంటే నడుమ గుంట. ఎవరో వాడి అరగదీసిన రాయి, దానికి రంగు పూసి నాకు అంటగట్టాడు. మంగలి కత్తిని వెన్ను, అంచు రెండూ ఆనించి నూరాలి కదా, గుంట పడ్డ రాయి మీద అది ఎలా కుదురుతుంది? వెన్ను మీద కూడా కొత్త గీతలు పడ్డాయి.

పొద్దున్నే ఫోను చేశాను. ‘రాయిలో లోపమేమీ లేదు సార్, మీకు నూరడం రాదు’ అన్నాడు. అది సహించాను. పసుపు నీళ్ల ఫోటో పంపాను. ‘ఆ కత్తి మాత్రం ఏముంది, పాత ఇనుమే కదా’ అన్నాడు. నెల క్రితం అదే కత్తి ఫోటో చూసి, ‘ఇలాంటి ఉక్కు ఇప్పుడు దొరకదు, దీనికి మామూలు రాయి తగిలించకండి’ అని నన్ను ఈ బేరానికి ఒప్పించింది ఈ మనిషే. మా తాతగారు నలభై ఏళ్లు గడ్డం గీసుకున్న కత్తి అది. నేను బదులు చెప్పేలోపే ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత నా నంబరు నుంచి అతనికి ఫోను కలవడం లేదు.

వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేశాను. మీరు ఎవరి దగ్గర కొన్నా పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి, తడి తెల్లగుడ్డతో రాయిని గట్టిగా తుడిచి చూడండి, పెన్సిల్ గళ్లు గీసి చదును చూసుకోండి. మొదట ఏదైనా పనికిరాని కత్తి పెట్టి నూరండి.

అతని దగ్గర అలాంటివే ఇంకో రెండు రాళ్లు ఈ ఉదయం కూడా అమ్మకానికి ఉన్నాయి.