మొసలి కాలేయ పరీక్షకు ఏ ఎంజైమ్ మేలు?

మొసలి కాలేయం దెబ్బతిందేమోనన్న అనుమానం వస్తే చాలామంది ముందు అడిగేది ఏఎల్‌టీ, అంటే కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలోకి కారే ఒక ఎంజైమ్. కుక్కల్లో బాగా పనికొచ్చే పరీక్షే అది. మొసలి కాలేయంలో మాత్రం ఈ ఎంజైమ్ తక్కువ, జబ్బు ముదిరినా రక్తంలో దాని అంకె పెద్దగా కదలకపోవచ్చు. దీన్ని వదిలేయడమే మంచిది. ఎల్‌డీహెచ్ అనే మరో ఎంజైమ్ అయితే ఎర్రకణాలు కాస్త పగిలినా పెరుగుతుంది, అదీ నమ్మదగ్గది కాదు.

మిగిలేది ఏఎస్‌టీ అనే ఎంజైమ్. చిక్కేమిటంటే ఇది కాలేయంతో పాటు కండరాల్లో, గుండెలో కూడా ఉంటుంది. తాళ్లలో పెనుగులాడిన మొసలికి తోక కండరాలు నలిగి ఏఎస్‌టీ పెరుగుతుంది. అందుకే అదే ట్యూబు నుంచి సీకే (క్రియాటిన్ కైనేజ్) అనే ఎంజైమ్ పరీక్ష కూడా చేయించి తీరాలి. సీకే ప్రధానంగా కండరానిది. రెండూ పెరిగితే ముందు కండరాన్నే అనుమానించాలి, అలాగని కాలేయాన్ని కొట్టిపారేయకూడదు. ఏఎస్‌టీ ఒక్కటే ఎక్కువుంటే కాలేయం వైపు చూడాలి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు: కండరం మానేటప్పుడు సీకే ముందు దిగుతుంది, ఏఎస్‌టీ ఆలస్యంగా దిగుతుంది. పాత దెబ్బ కూడా అచ్చం కాలేయ జబ్బులాగే కనిపిస్తుంది. మొసలిని ఎప్పుడు పట్టారో, కండలోకి ఇంజెక్షన్ ఇచ్చారో లేదో ల్యాబ్ ఫారం మీద రాయకపోతే ఆ అంకెలకు అర్థమే ఉండదు.

జీఎల్‌డీహెచ్ అనే ఇంకో కాలేయ ఎంజైమ్ కణంలోపల మైటోకాండ్రియాలో (కణానికి శక్తినిచ్చే భాగాల్లో) దాగి ఉంటుంది, కణాలు చచ్చేదాకా బయటపడదు. పెరిగిందంటే గట్టి సాక్ష్యం, పెరగలేదంటే మాత్రం కాలేయం బాగున్నట్టు కాదు. చేసే ల్యాబ్ దొరికితే మూడోదిగా కలపండి. రెండే చేయించగలిగితే ఏఎస్‌టీ, సీకే.

పరీక్షకు సీరమా (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం), ప్లాస్మానా (గడ్డకట్టనివ్వకుండా వేరుచేసిన ద్రవం)? ప్లాస్మాయే. సరీసృపాల రక్తం గడ్డకట్టడానికి చాలాసేపు పడుతుంది, ఆలోపు కణాల్లోనివి సీరంలోకి కారిపోతాయి. రక్తం గడ్డకట్టకుండా ఆపే లిథియం హెపారిన్ ట్యూబులో తీసి, వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా వేరుచేయాలి. గడ్డకట్టకుండా ఆపే మరో రసాయనం ఈడీటీఏ ఉన్న ట్యూబు వద్దు: సీకే పనిచేయడానికి కావలసిన మెగ్నీషియాన్ని అది పట్టేసుకుంటుంది, అంకె తక్కువ వస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న కిలో బరువు మొసలి పిల్ల నుంచి 5 మిల్లీలీటర్ల రక్తం మించి తీయకూడదు, నీరసించిన దాని నుంచి ఇంకా తక్కువ. తోక అడుగు సిరలో సూది పెడితే శోషరసం కలిసి నమూనా పలచబడవచ్చు. తల వెనుక మధ్యగీతలో తీస్తే ఆ బెడద తక్కువే గానీ, సూది లోతుకు పోతే వెన్నుపాముకు తగులుతుంది. చేయి తిరిగినవాళ్లే అక్కడ తీయాలి.