చెవికి పెన్సిల్ ఉండదు

ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రూఫులు దిద్దాను. కథ చేతికొస్తే నా కళ్ళు ముందు తప్పుల కోసం వెతుకుతాయి. మనసు కథలోకి వెళ్ళడం ఆ తర్వాత సంగతి, ఒక్కోసారి వెళ్ళదు కూడా. ఇంకో చెడ్డ అలవాటు, చివరి పేరా ముందే చూసేయడం. ఈమధ్య కుడికంటికి రెటీనా ఆపరేషన్ అయింది. కంట్లో గ్యాస్ బుడగ పెట్టారు. అది పైకి తేలి రెటీనా మీద ఆనుకుని ఉండాలి కాబట్టి వారం రోజులు తల దించుకునే ఉండమన్నారు. కూర్చున్నా నడిచినా పడుకున్నా నేలచూపులే. చదవడం మాట అటుంచి, ఎదురుగా ఉన్న మనిషి మొహం చూడడానికి కూడా లేదు. మా అమ్మాయి నా ఫోన్లో రెండు యాప్‌లు వేసి, ఇయర్‌ఫోన్లు చేతిలో పెట్టి, "అమ్మా, ఇక విను. దిద్దడానికి ఇందులో ఏమీ ఉండదు" అంది.

వారం గడిచి, తల ఎత్తి రెండు నెలలైంది. కళ్ళు మళ్ళీ అక్షరాలు చూస్తున్నాయి. అయినా వినడం మానలేదు. విన్నవన్నీ చాలావరకు పాత కథలే. మొగుడూపెళ్ళాలూ, తండ్రీకొడుకులూ, చెప్పుకోలేని ప్రేమలూ. ఏది వినొచ్చు, ఎక్కడ చిరాకేస్తుంది అని మా పాత ఆఫీసు స్నేహితులు అడుగుతుంటే ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పలేక ఇలా రాస్తున్నాను.

ముందు మంచి మాట. ఆ రెండు యాప్‌లలో ఒకటి లిబ్రివాక్స్. 2005లో హ్యూ మెగ్వైర్ అనే ఆయన మొదలుపెట్టారు. కాపీరైట్ తీరిపోయిన పుస్తకాలను ఎవరికి వాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని చదివి రికార్డు చేసి పెడతారు. చదివేవాళ్ళకి జీతం లేదు, వినేవాళ్ళకి రుసుము లేదు. ఆడిషన్ కూడా ఉండదు, చదవాలనుంటే చదవొచ్చు. ఎక్కువ ఇంగ్లీషే కానీ వేరే భాషలూ ఉన్నాయి. ఆడిషన్ లేదంటే ఎలా ఉంటుందోనని నాకూ అనుమానం వచ్చింది. విన్నాక తెలిసింది, నాకు దానివల్లే మేలు జరిగిందని. బాగా పేరున్న కథైతే ఒకదానికే నాలుగైదు గొంతులు దొరుకుతాయి. ఒకే ప్రూఫు కాగితాన్ని నలుగురు దిద్దితే పక్కపక్కన పెట్టుకుని చూసినట్టు, ఒకే కథను నాలుగు గొంతుల్లో వినొచ్చు. అచ్చు పుస్తకం ఆ అవకాశం ఇవ్వదు.

అమెరికన్ రచయిత ఓ హెన్రీ రాసిన క్రిస్మస్ కానుకల కథ, ద గిఫ్ట్ ఆఫ్ ద మేజై, అలాగే విన్నాను. 1905 నాటి కథ. భార్య డెల్లా జుట్టు అమ్ముకుని భర్త జిమ్ గడియారానికి గొలుసు కొంటుంది, ఆయన ఆ గడియారం అమ్మేసి ఆమె జుట్టుకి దువ్వెనలు తెస్తాడు. తెలియనివాళ్ళు తక్కువ, స్కూలు పాఠంగా కూడా చాలామంది చదివే ఉంటారు. తెలిసిన కథను మళ్ళీ వినడం దండగ అనుకునే మనిషిని నేను. అయితే ఈ కథ డబ్బు లెక్కతో మొదలవుతుంది. డెల్లా దగ్గర ఒక డాలరు ఎనభై ఏడు సెంట్లు. ఆ అంకె మొదటి పేరాలోనే రెండుసార్లు వస్తుంది. కాగితం మీదైతే రెండోసారి వచ్చినప్పుడు నా కన్ను దాన్ని దాటేసేది. ఒక ఆవిడ చదువుతుంటే దాటడం కుదరలేదు. మొదటిసారి మామూలుగా చెప్పింది. డెల్లా మూడుసార్లు లెక్కపెట్టుకుందని చెప్పి, రెండోసారి అదే అంకెను ఇంకొంచెం నెమ్మదిగా, నాణేలు ఒక్కొక్కటే బల్లమీద పెడుతున్నట్టు చదివింది. గొంతు వణికించలేదు, నిట్టూర్చలేదు. అక్కడే నాకు ఆ ఇంట్లో ఎంత ఇబ్బందో అర్థమైంది.

ఇక్కడ నా వృత్తి రోగం ఒకటి బయటపడింది. ఆ డబ్బులో అరవై సెంట్లు పెన్నీలే, అంటే ఒక్క సెంటు నాణేలే అంటాడు రచయిత. మిగిలింది డాలరు ఇరవై ఏడు సెంట్లు. ఐదు, పది, పాతిక సెంట్ల నాణేలతో ఇరవై ఏడు ఎలా కుదురుతుంది? కనీసం ఇంకో రెండు పెన్నీలు కావాలి కదా! చేతిలో పెన్సిల్ ఉంటే మార్జిన్లో ప్రశ్నార్థకం పెట్టేదాన్ని. ఇప్పుడు పెట్టడానికి మార్జిన్ లేదు, ఈలోగా డెల్లా అద్దం ముందు నిలబడి జుట్టు విప్పేసింది, నేనూ ఆమె వెనకాలే వెళ్ళిపోయాను. (అమెరికాలో పూర్వం రెండు సెంట్ల నాణెం ఉండేదట, 1873లో ముద్రించడం ఆపారు. అలాంటిది ఒకటి ఆమె దగ్గర మిగిలి ఉంటే లెక్క సరిపోతుంది. ఇది తర్వాత మా అమ్మాయి చేత వెతికించాను, ఊరుకోలేక.) మిగతా లెక్క మాత్రం పక్కాగా ఉంది. జుట్టుకి ఇరవై వచ్చింది, గొలుసుకి ఇరవై ఒకటి పోయింది, చేతిలో మిగిలింది ఎనభై ఏడు సెంట్లు.

మొత్తం పావుగంట కథ. ఇదే కథను డబ్బు కట్టిన రెండో యాప్‌లో, దాని పేరు వదిలేద్దాం, ఒక నటుడి గొంతులో విన్నాను. డెల్లాకి సన్నగొంతు, జిమ్‌కి బొంగురుగొంతు, కింద పియానో. మొదటి నిమిషంలోనే ఆయన గొంతు జాలితో తడిసిపోయింది. నాకు రావలసిన ఏడుపు కూడా ఆయనే ఏడ్చేశాడు, నాకేమీ మిగల్లేదు. కానుకల పొట్లాలు విప్పే చోటుకి వచ్చేసరికి నేను ఫోను బ్యాటరీ ఎంతుందో చూసుకుంటున్నాను.

ఆ యాప్ మీద ఇంకో కోపం ఉంది. రష్యన్ రచయిత చెహోవ్ రాసిన ‘కుక్కపిల్లతో ఉన్న మహిళ’ అనే కథ, 1899 నాటిది. నల్లసముద్రం ఒడ్డున ఉన్న యాల్టా ఊళ్ళో గూరొవ్, అన్నా సెర్గేయెవ్నా కలుస్తారు, ఇద్దరికీ వేరే పెళ్ళిళ్ళు అయ్యాయి. హోటల్ గదిలో మొదటిసారి దగ్గరయ్యాక ఆమె దిగులుగా కూర్చుంటుంది. బల్లమీద పుచ్చకాయ ఉంటుంది. గూరొవ్ ఒక ముక్క కోసుకుని తాపీగా తింటాడు. కనీసం అరగంట మౌనంగా గడిచిపోయింది అంటాడు చెహోవ్. ఈ కథ నేను నాలుగైదుసార్లు చదివాను. పుచ్చకాయ గుర్తుంది, ఆ అరగంట గుర్తు లేదు. వింటున్నప్పుడు చదివే ఆయన ఆ వాక్యం అయ్యాక ఆగాడు. రెండు సెకన్లు ఉంటుందేమో. ఆ రెండు సెకన్లలో ఒకడు తింటున్నాడు, ఒకావిడ ఎటో చూస్తోంది, నేను బోర్లా పడుకుని దిండు అంచు మీద కుట్టు చూస్తున్నాను. ఇంత పొడవు అరగంట నా జీవితంలో లేదు.

ఇంత బాగా చదివిన ఆయన చివరికొచ్చాడు. వాళ్ళిద్దరికీ అసలు కష్టమంతా ఇప్పుడే మొదలవుతోంది అన్న మాట మీద కథ ఆగుతుంది. ముగింపు అని చెప్పడానికి లేని ముగింపు. వాక్యం ఇంకా చెవిలో ఉండగానే యాప్ టింగుమని మోగించి తర్వాతి కథ పేరు చదివేసింది! తలుపు దగ్గర నిలబడి వీడ్కోలు చెప్తున్నవాళ్ళ మధ్యలోంచి సామాను మోసుకుని దూసుకుపోయినట్టు. సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపే మీట ఎక్కడో లోపల దాచారు. తల దించుకున్న మనిషి దాన్ని వెతికి పట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది. మీరు మొదట చేయాల్సిన పని అదే.

రష్యన్ పేర్ల గురించి ఒక మాట. కాగితం మీద నేను వాటిని బొమ్మల్లా గుర్తుపట్టి దాటిపోయేదాన్నే తప్ప లోలోపలైనా పలికేదాన్ని కాదు. ఇప్పుడు అన్నా సెర్గేయెవ్నా అని మొత్తం పలకగలను.

చెహోవ్‌దే ఇంకో కథ, 1886లో రాసిన ‘దిగులు’ అనే కథ, మావారితో కలిసి విన్నాను. చెరో ఇయర్‌ఫోను. ఇయోనా అనే ముసలి బండివాడు. కొడుకు ఆ వారమే చనిపోయాడు. బండెక్కిన ప్రతివాడితోనూ ఆ మాట చెప్పబోతాడు, ఒక్కడూ వినడు. ఒకడు తొందరలో ఉంటాడు, కొందరు తిడతారు, బసకు చేరాక తోటి బండివాడు ఒకడు నిద్రపోతాడు. చివరికి రాత్రి గుర్రపుసాలలో తన గుర్రానికి చెప్పుకుంటాడు. అది గడ్డి నములుతూ వింటుంది, యజమాని చేతుల మీదికి ఊపిరి వదులుతుంది. వినేవాడు దొరకని మనిషి కథను చెవిలో వింటుంటే అదో ఇబ్బంది. అతను చెప్పడానికి తిరిగిన ప్రతిసారీ "ఆఁ, చెప్పు" అనాలనిపిస్తుంది. మా ఆయన నిజంగానే అన్నారు. అయిపోయాక కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆయన ఇయర్‌ఫోను తీసి తుడిచి నాకిస్తూ, "నయం, అతనికి గుర్రమైనా ఉంది. నువ్వు ప్రూఫులు చూసినన్నాళ్ళూ నేనెవరికి చెప్పుకున్నాను?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేను మాత్రం ఆ రాత్రి ఇంకో కథ పెట్టలేదు.

అమెరికన్ రచయిత్రి కేట్ షోపాన్ రాసిన కథ ఒకటి (1894), పేరు ‘గంటసేపటి కథ’ గానీ చాలా చిన్నది, ఎనిమిది నిమిషాలే. భర్త పోయాడన్న కబురు విని ఒంటరిగా గదిలోకి వెళ్ళిన ఆమె, తనకు స్వేచ్ఛ వచ్చిందని లోగొంతులో పదేపదే అనుకుంటుంది. లోగొంతు అని రచయిత్రి స్పష్టంగా రాసింది. ఆ మాటను కేకేసి చదివే రికార్డింగు దొరికితే వెంటనే ఆపేసి ఇంకోటి వెతుక్కోండి.

తెలుగులో దిద్దుబాటు వినకుండా ఎలా ఉంటాను? గురజాడ 1910లో రాసింది. ఎన్నిసార్లు అచ్చులో చూశానో లెక్కలేదు, ఆ కథ పేరే నా ఉద్యోగం. కానీ అది చెవి కోసం రాసిన కథ అని విన్నాకే తట్టింది. మొదలే తలుపు పిలుపు, ఆ వెంటనే గడియారం ఒంటిగంట కొట్టడం. భోగం మేళం పాట విని ఆలస్యంగా ఇంటికొచ్చిన గోపాలరావు చీకట్లో నిలబడి ఉంటాడు, అతనితో పాటు మనమూ చెవులతోనే వెతుకుతాం. అతని భార్య కమలిని కథంతా ఎక్కడా కనబడదు. చివర్లో మంచం కిందనుంచి నవ్వు, గాజుల చప్పుడు. అలిగిన భార్య తిరిగి దొరకడం కూడా చెవికే.

నేను మొదట విన్న రికార్డింగులో, అది ఏ ఛానెలో చెప్పను, తలుపు అనగానే టకటక చప్పుడు, గడియారం అనగానే గంట. సరే, సరదా పడ్డారు అనుకున్నాను. చివరికొచ్చేసరికి చదివే ఆయన ఇంకా ఆ వాక్యం అందుకోకముందే, రెండు క్షణాల ముందు, గాజులు ఘల్లుమన్నాయి! గురజాడ కథంతా దాచుకుంటూ వచ్చిన మనిషిని ఎడిటింగులో బటన్ తొందరగా నొక్కినవాడు మంచం కిందనుంచి లాగి బయట పడేశాడు. ఇంగ్లీషులో అంతమంది సొంత గొంతుతో తిన్నగా చదువుతుంటే మనవాళ్ళకి ఈ చప్పుళ్ళ మోజేమిటో నాకు అర్థం కాదు. ఒట్టి గొంతుతో చదివేవాళ్ళు తెలుగులోనూ ఉన్నారు, కానీ వెతుక్కోవాలి.

వాడకం సంగతులు కొన్ని. వేగం ఒకటి మీదే ఉంచండి. ఒకటింపావు మీద పెడితే వార్తలకి పర్లేదు గానీ, ఈ కథల్లో మౌనాలు కూడా తరిగిపోతాయి. నిద్రకు ముందు వినాలంటే స్లీప్ టైమర్ నిమిషాల లెక్కన కాకుండా కథ చివరికి పెట్టుకోండి. లేకపోతే పొద్దున లేచాక ఎక్కడిదాకా విన్నామో వెనక్కి వెతుక్కోవడం పెద్ద పని. బోర్లా పడుకోవాల్సిన అవసరం మీకు రాకూడదు గానీ, వస్తే చెవిలో గుచ్చుకోని ఇయర్‌ఫోన్లు కొనుక్కోండి. నావి రెండోరోజుకే చెవి పుండు చేశాయి. పనిచేసుకుంటూ వినొచ్చా అంటే, ఓ హెన్రీ వినొచ్చు, చెహోవ్‌ని వినలేరు.

గాజుల కోపం తగ్గక, కంటికి చదవడానికి అనుమతి వచ్చిన మర్నాడే దిద్దుబాటు నేనే చదివి ఫోన్లో రికార్డు చేశాను. తలుపులన్నీ వేసి, ఫ్యాను ఆపి, దుప్పటి ముసుగేసుకుని. మూడుసార్లు తడబడ్డాను, నాలుగోసారి బాగా వచ్చింది. మంచం కింద నవ్వు దాకా వచ్చి, ఊపిరి పీల్చుకోవడానికి ఒక్క క్షణం ఆగాను. అప్పటిదాకా ముందుగదిలో పేపరు చదువుతున్నారనుకున్న మావారు తలుపు అవతలినుంచి "ఊఁ, తర్వాత?" అన్నారు. ఆ మాట స్పష్టంగా పడింది. కథ పూర్తిచేసి, దాన్ని కత్తిరించకుండా అలాగే మా అమ్మాయికి పంపాను.