ఆపిన పాతిక నిమిషాలకు మొరాయించే బండి: బల్లార్‌పూర్ ఎండల్లో టర్బో కారుతో ఆరు వేసవులు

2022 మే నెలలో ఒక మధ్యాహ్నం ఆసిఫాబాద్ నుంచి తిరిగి వస్తూ, చెరకు రసం తాగుదామని రాజురాలో ఆగాను. రెండు గ్లాసులు తాగి, పక్కనున్న పెద్దాయనతో ఎండ గురించి నాలుగు మాటలు మాట్లాడి బండి దగ్గరికి వచ్చేసరికి పాతిక నిమిషాలు గడిచాయి. తాళం తిప్పాను. సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది గానీ ఇంజను అందుకోవడం లేదు. పది సెకన్లు చూసి ఆపాను. మళ్లీ పది సెకన్లు. నాలుగోసారి దగ్గుతూ, వణుకుతూ మొదలైంది. ఈలోగా రసం బండి కుర్రవాడు చేతులు తుడుచుకుంటూ వచ్చి "భావూ, ధక్కా మారూ కా?" అన్నాడు, తోయమంటారా అని. వాంకిడి దారిలో ఎవరినైనా దాటేస్తుందని నేను గొప్పలు చెప్పుకునే కారు అది.

మోడల్ పేరు రాయను. కంపెనీని తప్పు పట్టే అర్హత నాకు లేదు, ఎందుకంటే బానెట్ కింద వాళ్లు బిగించిన వాటిలో సగం నేనే విప్పించాను. 2019 చివర్లో 38,000 కిలోమీటర్లు తిరిగిన బండిని కొన్నాను. టర్బో పెట్రోల్ ఇంజను, అంటే బయటికి పోయే పొగ బలంతో తిరిగే చక్రం ఇంజనులోకి అదనంగా గాలి నెట్టే రకం. పెట్రోలును సిలిండర్లోకి నేరుగా కాకుండా, లోపలికి గాలి వెళ్లే దారిలో చిమ్మే రకం. ఇప్పటికి 1,06,000 దాటింది. మధ్యలో ఈసీయూ (ఇంజనును నడిపించే కంప్యూటర్) ప్రోగ్రాం మార్పించాను, టర్బో నెట్టే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెద్దది, టర్బో నుంచి పొగ బయటికి పోయే డౌన్‌పైపు వెడల్పాటిది, డబ్బా లేని ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ పెట్టించాను. 2021 డిసెంబరులో ట్యాంకులో పెద్ద పెట్రోల్ పంపు కూడా పెట్టించాను. ఇలాంటివి చేయించుకోవాలనుకునేవారు మోటారు వాహనాల చట్టం, 1988లో బండికి చేసే మార్పుల గురించిన 52వ సెక్షన్ ఒకసారి చదువుకోండి. బీమా కంపెనీవాడు మీకంటే ముందే చదివి ఉంటాడు.

మా బల్లార్‌పూర్ ఉన్న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా ఎండ సంగతి తెలియనివారికి ఒక్క మాట. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు అంటారు. ఇక్కడ రోహిణి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మే నెలలో 46, 47 డిగ్రీలు మాకు వార్త కాదు. అలాంటి రోజున బండి ఆపితే నీళ్ల ప్రవాహం ఆగుతుంది, రేడియేటర్ గుండా వీచే గాలి ఆగుతుంది, టర్బో మాత్రం అప్పుడే దించిన పెనంలా ఉంటుంది. ఆ వేడంతా బానెట్ కిందే చుట్టుకుంటుంది. అందుకే ఇంజను పరిసరాలు ఆపిన క్షణం కంటే, ఆపిన పది ఇరవై నిమిషాల తర్వాత ఎక్కువ వేడిగా ఉంటాయి. నేను చాలా ఆలస్యంగా అర్థం చేసుకున్న విషయం ఇదే.

మొదట నేను చేసింది అందరూ చేసేదే. బ్యాటరీ మార్చాను. ప్లగ్గులు మార్చాను. అది అక్టోబరు. తర్వాత ఒక్కసారి కూడా బండి మొరాయించలేదు. కొత్త బ్యాటరీని నలుగురి దగ్గర మెచ్చుకున్నాను కూడా. అసలు మందు చలికాలమని 2023 ఏప్రిల్‌లో తెలిసింది. మొదటి వడగాలితోపాటే జబ్బు తిరిగి వచ్చింది. ఎండాకాలపు జబ్బుకు చలికాలంలో వైద్యం చేయించి నయమైందని చెప్పేవారి మాట అప్పటి నుంచి నేను నమ్మను.

బల్లార్‌పూర్‌లో మా మెకానిక్ అన్న వాళ్లది సిర్పూర్ వైపు. "తమ్ముడూ, ఇంకో సామాను కొనకు. ముందు ఎప్పుడు మొరాయిస్తోందో రాసుకుని రా" అన్నాడు. సెల్ఫ్ మోటారు మార్చేద్దామని నేను తొందరపడుతుంటే, "అది చురుగ్గానే తిరుగుతోంది కదా, పాపం దాన్నెందుకు అంటావు?" అని నవ్వాడు. వేడికి రాగి తీగ నిరోధం పెరిగి సెల్ఫ్ నీరసంగా తిరగడం వేరే జబ్బు. అలాంటప్పుడు శబ్దంలోనే బరువు తెలుస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూశాం. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 10.4 వోల్టులు ఉన్నాయి. 9.6 కంటే తగ్గితే అప్పుడు బ్యాటరీనో తీగలనో అనుమానించాలి.

రెండు వారాలు పుస్తకం పెట్టుకుని రాశాను. రోజూ మధ్యాహ్నం ఒకే దారిలో అరగంట నడిపి, దుకాణం ముందు ఆపి, ఒక్కో రోజు ఒక్కో విరామం తర్వాత స్టార్ట్ చేశాను. రెండు నిమిషాలకు ఒక్క సెకనులో అందుకుంది. పది నిమిషాలకు రెండు సెకన్లు. పాతిక నిమిషాలకు తొమ్మిది, ముప్పావు గంటకు పదకొండు. గంటన్నరకు నాలుగుకు దిగింది. నాలుగు గంటలు దాటితే ఏమీ ఎరగనట్టు ఒక్క సెకను. ఈ అంకెలు చూశాకగానీ ఇది బ్యాటరీ కథ కాదని నాకు ఖాయంగా అనిపించలేదు.

తర్వాత స్కానర్. బండి లోపాలు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌కు తగిలించి ఫోన్లో చూసుకునే చిన్న బ్లూటూత్ పరికరం, 1,200 రూపాయలది. దాని మీద నా అభిప్రాయం: ధరకు న్యాయం చేసింది, కానీ అంకెలు నత్తనడకన మారతాయి, సెల్ఫ్ కొట్టగానే వోల్టేజి పడిపోయి రెండుసార్లకోసారి ఫోనుతో తెగిపోతుంది. అయినా మూడు విషయాలు తేల్చింది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం 240 చూపించింది కాబట్టి ఇంజను తిరుగుతోందని ఈసీయూకు చెప్పే క్రాంక్ సెన్సర్ బతికే ఉంది. వేడికి అది చచ్చిపోయి ఉంటే అక్కడ సున్నా కనిపించేది. తెల్లవారుజామున నీళ్ల ఉష్ణోగ్రతా గాలి ఉష్ణోగ్రతా రెండూ దాదాపు ఒకటే చూపించాయి, అంటే ఆ సెన్సర్లు అబద్ధం చెప్పడం లేదు. ఇక బండి అతికష్టం మీద అందుకున్నాక మొదటి నిమిషం ఈసీయూ 14 శాతం అదనంగా పెట్రోలు పోస్తోంది, తర్వాత మామూలవుతోంది. పెట్రోలు చిమ్మే ఇంజెక్టరో, ట్యాంకు ఆవిరిని ఇంజనులోకి వదిలే పర్జ్ వాల్వో కారి లోపల పెట్రోలు ఎక్కువై ఉంటే ఇది తిరగబడేది, అంటే ఈసీయూ పెట్రోలు తగ్గించేది, పొగగొట్టం దగ్గర పచ్చి వాసన, నల్ల పొగ ఉండేవి. మాది ఎక్కువైన జబ్బు కాదు, తక్కువైన జబ్బు.

డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది, అది మెకానిక్ అన్నదే. సెల్ఫ్ కొట్టకుండా తాళాన్ని ఇగ్నిషన్ దాకా తిప్పి, ట్యాంకులో పంపు గుయ్‌మని ఆగేదాకా విని, తాళం వెనక్కి తిప్పి, మళ్లీ తిప్పాలి. ఇలా మూడుసార్లు చేసి అప్పుడు స్టార్ట్ చేయాలి. పాతిక నిమిషాల విరామం తర్వాత కూడా రెండు సెకన్లలో అందుకుంది! అనుమానమంతా ఒక్క చోటికి, పెట్రోల్ పీడనం మీదికి వచ్చింది.

ప్రెషర్ కుక్కర్ లెక్కే ఇది. పెట్రోలులోని తేలికపాటి భాగాలు 35, 40 డిగ్రీలకే మరగడం మొదలుపెడతాయి. ఇంజను ఆపాక కూడా పైపులో పీడనం నిలిచి ఉంటే అంత వేడిలోనూ ద్రవంగానే ఉంటాయి. పీడనం జారిపోతే రైలులో, అంటే ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టంలో, ఆవిరి బుడగలు నిండుతాయి, ఇంజెక్టర్లు పెట్రోలుకు బదులు ఆవిరి చిమ్ముతాయి. నాలుగు గంటలయ్యాక పీడనం లేకున్నా వేడి తగ్గి ఉంటుంది కాబట్టి, పంపు రెండు సెకన్లు తిరిగితే చాలు, రైలు నిండుతుంది. పుస్తకంలో రాసుకున్న అంకెలు అలా ఎందుకున్నాయో అప్పుడు బోధపడింది.

పెట్రోల్ పీడనం కొలిచే గేజ్ బిగించిన రోజు షెడ్డులో బీడీ ముట్టించబోయిన పెద్దమనిషిని అన్న బయటికి పంపేశాడు, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకున్నాడు. పైపులో నిలిచిన పీడనం కంట్లోకి పెట్రోలు చిమ్మడానికి చాలు, ఈ పని ఇంటి ముందు సరదాగా చేసేది కాదు. తాళం తిప్పగానే ముల్లు 3.5 బార్ దగ్గర నిలిచింది. ఇంజను వేడెక్కించి ఆపాం. ముల్లు కళ్ల ముందే దిగడం మొదలుపెట్టింది. నాలుగు నిమిషాలకు ఒక బార్, తొమ్మిది నిమిషాలకు సున్నా. కారుతున్నది ఎటువైపు? మళ్లీ వేడెక్కించి, ఆపగానే గేజ్‌తో వచ్చిన కుళాయితో ట్యాంకు వైపు దారి మూసేశాం. ఈసారి ముల్లు దిగలేదు సరికదా, వేడికి పెట్రోలు వ్యాకోచించి మెల్లగా నాలుగు దాకా ఎక్కింది! అంటే ఇంజెక్టర్లు భద్రంగా ఉన్నాయి. వెనక్కి జారిపోతున్నది ట్యాంకు వైపు, నేను బేరమాడి సగం ధరకు తెప్పించుకున్న పెద్ద పంపులోని చెక్ వాల్వ్ గుండా, అంటే పెట్రోలును వెనక్కి పోనివ్వకుండా ఆపాల్సిన వాల్వ్ గుండా.

మందు రెండు విడతలుగా వేశాం, ఏది పనిచేసిందో తెలియాలని. డౌన్‌పైపు మార్చినప్పుడు అడ్డొచ్చిందని తీసేసిన రేకు కవచాన్ని కొంచెం వంచి మళ్లీ బిగించాం, దాని పక్కగా పోయే పెట్రోల్ గొట్టానికి వేడి తగలని తొడుగు వేశాం. పదకొండు సెకన్లు ఆరుకు దిగాయి. తర్వాత మంచి వాల్వ్ ఉన్న పంపు వేశాం. ఒక్క సెకను. బ్యాటరీకి, ప్లగ్గులకు, పాత పంపుకు నేను తగలేసింది 19,000 పైచిలుకు. రోగం కుదిర్చిన ఖర్చు అందులో సగం కంటే తక్కువ.

ఈ మధ్య ఎవరికి చెప్పినా "ఇథనాల్ వల్లేనేమో" అంటున్నారు. ఇథనాల్ కలిస్తే పెట్రోలు ఆవిరయ్యే గుణం కొంత పెరుగుతుందన్నది నిజమే, అంచున ఉన్న బండిని అది అవతలికి తోయగలదు కూడా. కానీ నా బండి మొరాయించడం ఇరవై శాతం మిశ్రమం మా బంకులకు రాకముందే మొదలైంది, వచ్చాక రెండు వేసవులు నిక్షేపంగా నడిచింది.

మిగతా మార్పుల గురించి క్లుప్తంగా. ఇంటర్‌కూలర్ బంగారం, ఈ ఎండలో వరుసగా బళ్లను దాటుతున్నా లాగుడు తగ్గదు. ఈసీయూ ప్రోగ్రాం బాగుంది గానీ కొంచెం మెత్తటిది రాయించుకోవాల్సింది. ఓపెన్ ఫిల్టర్ శుద్ధ దండగ. బానెట్ కింది వేడిగాలినే పీలుస్తుంది, ట్రాఫిక్‌లో ఆగితే స్కానర్‌లో లోపలికి వెళ్లే గాలి 68 డిగ్రీలు చూపించింది. పైగా ఘుగ్గుస్ దారిలో బొగ్గు లారీల వెనుక నాలుగు రోజులు తిరిగితే దాని రంగు చెప్పనక్కర్లేదు. కంపెనీ ఫిల్టర్ డబ్బా మళ్లీ పెట్టేశాను. శబ్దం పోయిందని మా అబ్బాయి అలిగాడు.

అక్టోబరులో నేను తీసేసిన పాత బ్యాటరీని బావగారు ఊరికే పడి ఉంది కదా అని తీసుకెళ్లి తన జీపులో పెట్టుకున్నారు. మొన్న దీపావళి దాకా అది రెండు ఎండాకాలాలు ఏ పేచీ లేకుండా సెల్ఫ్ కొట్టింది.