డెర్బీ చూడటానికి ముంబై వెళ్ళొచ్చాం

ఫిబ్రవరి మొదటి ఆదివారం ముంబై మహాలక్ష్మి రేస్ కోర్సులో ఇండియన్ డెర్బీ అనే గుర్రప్పందెం జరుగుతుంది. గుర్రప్పందేలు చూడటానికి అంత దూరం వెళ్ళొచ్చా అని అడిగేవాళ్ళకి నా జవాబు: తప్పకుండా వెళ్ళండి. కానీ గ్రాంట్ రోడ్ చుట్టుపక్కల ఆన్‌లైన్‌లో ఫోటోలు చూసి గది మాత్రం తీసుకోకండి. ముందు ఆ గది సంగతే చెప్తాను, ఆ కోపం ఇంకా తగ్గలేదు.

నేను, మా ఆవిడ, మా అక్క, బావ వెళ్ళాం. హైదరాబాద్ నుంచి రాత్రి రైలు, థర్డ్ ఏసీ, హాయిగా పడుకున్నాం. తెల్లారి ఐదున్నరకి లాడ్జి ముందు దిగాం. రెండు గదులు, ఒక్కోటి రోజుకి 3,200, డబ్బులు ముందే కట్టేశాం. కౌంటర్లో కుర్రాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే, చెక్ ఇన్ పన్నెండుకి, ఇప్పుడే కావాలంటే గదికి 800 ఎక్స్‌ట్రా అన్నాడు. ఏ టైముకైనా రావచ్చని బుకింగ్‌లో రాసుంది, చూపించాను. అది యాప్ వాళ్ళు రాసుకున్నది, మాకు సంబంధం లేదన్నాడు. మా అక్కకి మోకాళ్ళ నొప్పులు, మెట్ల మీదే కూర్చుండిపోయింది, ఆవిణ్ణి చూసి ఇంక వాదించకుండా 1,600 ఇచ్చేశాం. రసీదు అడిగితే మిషన్ పాడైందట.

ఫోటోలో కిటికీ ఉంది, గదిలోనూ ఉంది, తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ చేతికి తగులుతుంది. వేడినీళ్ళు ఏడు నుంచి తొమ్మిది దాకానే. ఏసీ రిమోట్‌కి 500 డిపాజిట్, అదీ నగదే. ఖాళీ చేసేటప్పుడు రిమోట్ మూత విరిగిందని అందులో 200 కోసుకున్నారు. ఆ మూత మాకిచ్చేటప్పటికే విరిగి సెల్లోటేపు చుట్టి ఉంది, మా ఆవిడ ముందే అనుమానం వచ్చి ఫోటో తీసి పెట్టింది కూడా. ఆ ఫోటో చూపిస్తే అది ఈ రిమోట్ కాదు, వేరేది అన్నాడు! రెండు వందల కోసం మనిషి మొహం మీదే అంత అబద్ధం ఆడగలడంటే నాకు ఇప్పటికీ మింగుడు పడట్లేదు. బావ శాంతమూర్తి, ఆయన కూడా గొంతు పెంచారు, అక్కే ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

కాబట్టి దాదర్‌లో దిగండి. హైదరాబాద్ రైళ్ళు చాలావరకు అక్కడ ఆగుతాయి, గది కూడా అక్కడే స్టేషన్‌కి దగ్గర్లో చూసుకోండి, బుక్ చేసేముందు ఫోన్ చేసి ఇన్ని గంటలకి దిగుతాం, ఎక్స్‌ట్రా అడుగుతారా అని అడిగి ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి. దాదర్ నుంచి స్లో లోకల్ ఎక్కితే ప్రభాదేవి, లోయర్ పరేల్, తర్వాత మహాలక్ష్మి, సెకండ్ క్లాసు టికెట్ 5 రూపాయలు. స్టేషన్ పక్క వంతెన మీదనుంచి ధోబీఘాట్ కనిపిస్తుంది, అది చూసుకుంటూ నడిచి వెళ్ళిపోవచ్చు. ఇప్పుడు మెట్రో మూడో లైన్లోనూ మహాలక్ష్మి స్టేషన్ ఉంది. లాడ్జి నుంచి మేం టాక్సీలో వెళ్తే 140 అయింది, సగం సేపు ట్రాఫిక్‌లోనే గడిచింది.

ఇక రేసులు. మా బావ హైదరాబాద్‌లో మలక్‌పేట రేస్ కోర్సుకి చాలా ఏళ్ళుగా వెళ్తున్న మనిషి, రేసు పుస్తకం చేతికిస్తే పంచాంగం చదివినంత శ్రద్ధగా చదువుతారు. ఏ గుర్రం ఎంత బరువు మోస్తోంది, కిందటిసారి ఎంత దూరం పరిగెత్తింది, పరుగు మొదలుపెట్టడానికి ఏ గేటు దొరికింది, అన్నీ. మామూలు హ్యాండీక్యాప్ రేసుల్లో బాగా గెలుస్తున్న గుర్రం మీద ఎక్కువ బరువు వేస్తారు, బలహీనమైనదానికి తగ్గిస్తారు, అందరికీ ఒకే అవకాశం ఉండాలని. గుర్రం నడిపే జాకీ జీనుతో సహా కాటా ఎక్కి చూపించాలి, రేసు అయ్యాక మళ్ళీ ఎక్కాలి. డెర్బీలో అలా కాదు, నాలుగేళ్ళ గుర్రాలు మాత్రమే పరిగెత్తాలి, గెలుపోటముల్ని బట్టి బరువులు మార్చరు, ఆడగుర్రాలకి మాత్రం కాస్త తగ్గింపు ఉంటుంది. 1943లో జరిగిన మొదటి డెర్బీ గెలిచింది ఆడగుర్రమే, బరోడా మహారాజా గారి ప్రిన్సెస్ బ్యూటిఫుల్. అది వినగానే మా ఆవిడ ఆ రోజంతా ప్రతి రేసులోనూ ఆడగుర్రం ఏదో అడిగి దానికే చప్పట్లు కొట్టింది.

నాకు ఈ ఆటలో నచ్చింది ప్యాడాక్. రేసుకి ముందు గుర్రాల్ని గుండ్రంగా నడిపించే చోటు అది. కంచెకి ఆనుకుని నిలబడితే గుర్రం నాలుగడుగుల దూరంలో వెళ్తుంది. దాదాపు ఐదొందల కిలోల జంతువు, చర్మం ఎంత పల్చనంటే మెడ మీద నరాలు లెక్కపెట్టొచ్చు, కాళ్ళు చూస్తే మన ముంజేతికన్నా సన్నం. ఒక గోధుమరంగు గుర్రం మెడంతా చెమట పట్టి, తొడల మధ్య తెల్లటి నురగ కట్టి, అడుగడుక్కీ పక్కకి తిరుగుతోంది. దాన్ని పట్టుకున్న సయీసు, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, ముసలాయన, పొట్టిగా ఉన్నాడు, కళ్ళెం లాగలేదు, కసరలేదు, దాని ముక్కు కింద అరచెయ్యి పెట్టి ఏదో మాట్లాడుతూనే నడిచాడు. రెండు చుట్లు తిరిగేసరికి అది చెవులు ముందుకి పెట్టి మామూలుగా నడవడం మొదలుపెట్టింది. మా అక్కకి అసలు ఈ ప్రయాణమే ఇష్టం లేదు, పందేల చోటుకి సంసారులు వెళ్తారా అని రైలెక్కేదాకా సణిగింది, ఆవిడే అక్కణ్ణుంచి కదలనంది. "ఆ పెద్దాయన ఏం చెప్పాడో దానికి," అని ఆ సాయంత్రం అడుగుతూనే ఉంది.

రెండోది, కంచె పక్కన నిలబడి చివరి రెండొందల మీటర్లు చూడటం. టీవీలో ఎన్నిసార్లు చూసినా అది అర్థం కాదు. ముందు నేల అదురుతుంది, అది కాళ్ళకి తెలుస్తుంది, తర్వాత డెక్కల చప్పుడు, ఆ తర్వాత జాకీలు ఒకరినొకరు అరుచుకోవడం, కొరడా తగిలిన శబ్దం, మట్టిపెళ్ళలు లేవడం, అన్నీ కలిసి ఒక్కసారి మీదకొచ్చి వెళ్ళిపోతాయి. గంటకి అరవై కిలోమీటర్ల వేగం అని చదవడం వేరు, మీ ముందునుంచి ఆ వేగంతో పది, పన్నెండు గుర్రాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోవడం వేరు.

ఇంత చెప్పాక, చూసేవాడి బాధలు కూడా చెప్పాలి, అవి చిన్నవేం కాదు. 1200 మీటర్ల రేసు నిమిషం పైన పది, పదిహేను సెకన్లలో అయిపోతుంది. 2400 మీటర్ల డెర్బీ రెండున్నర నిమిషాలు. ఒక్కో రేసుకీ మధ్య దాదాపు అరగంట ఎదురుచూపు. ఎనిమిది రేసుల రోజు మొత్తం పరుగు కూడితే పావుగంట కూడా ఉండదు, మిగతా మధ్యాహ్నమంతా ఖాళీ. ఆ కాస్త పరుగులోనూ గుర్రాలు అవతలి వైపు ఉన్నంతసేపు రంగు చుక్కలే, బైనాక్యులర్స్ లేకపోతే స్క్రీన్ చూసుకోవడమే. పందెం కాసేవాడికి ఆ అరగంటలో లెక్కలుంటాయి, కౌంటర్ ఉంటుంది, టెన్షన్ ఉంటుంది. ఊరికే చూడ్డానికి వచ్చినవాడికి ఏమీ లేదు. ఏ ఊళ్ళోనైనా ఈ ఆటని నడిపే పద్ధతంతా పందెం చుట్టూ కట్టుకున్నదే, అందుకే కొత్తగా వచ్చినవాళ్ళకి ఎవరూ ఏదీ విడమర్చి చెప్పరు. గెలిచిన గుర్రం ఆయాసపడుతూ వెనక్కి వచ్చేసరికి సగం మంది దానికి వీపు పెట్టి తర్వాతి రేసు రేట్లు చూస్తుంటారు. నాకు అన్నిటికన్నా బాధ అదే.

గేటు బయట ఒకతను టిప్స్ కాగితం 50 రూపాయలకి అమ్ముతుంటే బావ వద్దంటున్నా కొన్నాను. ఐదు రేసుల్లో అందులో చెప్పిన ఒక్క గుర్రం కూడా మొదటి మూడింటిలో రాలేదు. అలాంటి కాగితాలు కొనకండి. బావ పద్ధతి వేరు: జేబులో 2,000, అంతకు మించి పైసా తియ్యరు, కాసేది విన్ (గుర్రం మొదట రావాలి) లేదా ప్లేస్ (ముందు వచ్చిన కొన్నిటిలో ఉంటే చాలు), జాక్‌పాట్ జోలికి పోరు, వరసగా ఐదు రేసుల్లో గెలిచేవాటిని చెప్పడం ఎవడి తరం అంటారు. రోజు ముగిసేసరికి ఆ రెండు వేలలో 620 మిగిలాయి. ఆయన బాధ పోయిన డబ్బు గురించి కాదు, పన్ను గురించి. గెలిచినా ఓడినా పందెం కట్టే మొత్తం మీద 28 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 అయింది. గెలిచిన సొమ్ము 10,000 దాటితే 30 శాతం టీడీఎస్, అంటే ఇచ్చేముందే కోసుకునే ఆదాయపు పన్ను, వేరే. గుర్రప్పందెం నైపుణ్యంతో ఆడే ఆట అని 1996లో సుప్రీంకోర్టే చెప్పింది, అయినా లాటరీతో, కాసినోతో కలిపి ఒకే గాటన కట్టారని ఆయన మండిపాటు. జనం దొంగ బుకీల దగ్గరికి పోతున్నారు, ఇలాగైతే గుర్రాల్ని మేపేదెవరు, సయీసుల జీతాలెక్కడివి అంటారు. పందెం అంటే నాకు ఇప్పటికీ పడదు కానీ, ఆ చివరి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

మా ఆవిడ ప్రశ్న ఇంకోటి. "కాలు విరిగితే ఏం చేస్తారన్నయ్యా?" అని బావని అడిగింది. ఆయన కాసేపు దాటేసి, చివరికి ఒకసారి తను చూసింది చెప్పారు: మలుపులో గుర్రం కుంటి ఆగిపోయింది, జాకీ దిగి దాని తల పట్టుకుని నిలబడ్డాడు, వ్యాన్ వచ్చింది, చుట్టూ తెర కట్టారు. అంత బరువు అంత సన్నటి కాళ్ళ మీద నిలబడే జంతువుకి ఎముక బాగా విరిగితే అతకడం చాలా కష్టం, అందుకే ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇచ్చేస్తారు. ఆ తర్వాత రెండు రేసులు ఆవిడ చూడలేదు, బెంచీ మీద కూర్చుని చెరుకురసం తాగుతూ ఉండిపోయింది. డెర్బీకి మాత్రం వచ్చింది. గుర్రాలు గేట్లలోకి ఎక్కుతుంటే అంతమంది జనం ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు, ఆఖరి మలుపు తిరిగేసరికి పక్కవాడు నా భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు, ఎవరో తెలియదు. మేం ముందుకు ఒంగి అరిచాం, అక్కతో సహా.

ఆ మర్నాడు తిన్న భోజనం గురించి రాయకపోతే తప్పు. వర్లీ వైపు బట్టల మిల్లుల కాలంలో కరీంనగర్, నల్గొండ వైపు నుంచి వచ్చిన పద్మశాలీల కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఒక పెద్దమ్మ తన ఇంట్లోనే మెస్ నడుపుతోంది, బావకి ఎవరో చెప్పారు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, చింతకాయ తొక్కు, వంకాయ కూర, మనిషికి 130. "గుర్రాలు చూసుడుకు గింత దూరం వచ్చిన్రా బిడ్డా?" అని ఆశ్చర్యపోయింది. వాళ్ళాయన మిల్లులో పనిచేసేవాడట, 1982 సమ్మె తర్వాత ఆ పని మళ్ళీ దొరకలేదు, అప్పటి నుంచి రొట్టెలు చేస్తోంది. అక్కకి రెండో రొట్టె వేసి దాని డబ్బులు తీసుకోలేదు. లాడ్జిలో మండిన కడుపు అక్కడ చల్లబడింది.

వెళ్ళేవాళ్ళు ఇవి గుర్తుపెట్టుకోండి. డెర్బీ రోజు టోపీలు, సూట్లు, ఫోటోల వాళ్ళ హడావుడి ఎక్కువ, టికెట్లూ మామూలు ఆదివారం కన్నా ఎక్కువ. గుర్రాల్ని ప్రశాంతంగా చూడాలంటే సీజన్‌లో ఏదో ఒక మామూలు రేసు రోజే మేలు. పైపైన ఒక పూట చూస్తే చాలనుకుంటే మలక్‌పేట మెట్రో దిగి మన రేస్ కోర్సుకే వెళ్ళండి, దక్కన్ డెర్బీ మామూలుగా అక్టోబరు 2న పెడతారు. కానీ మహాలక్ష్మిలో ఆ పాత గ్రాండ్‌స్టాండ్ మాత్రం ఒక్కసారైనా చూడాలి. 1883 నాటి కోర్సు అది, మెల్బోర్న్‌లోని కాల్‌ఫీల్డ్‌ని చూసి కట్టారు, ఊరి నడిబొడ్డున సుమారు 225 ఎకరాలు. అందులో 120 ఎకరాల దాకా పార్కుకి ఇచ్చేయాలని 2024లో నిర్ణయించారు కూడా, కాబట్టి ఇప్పుడున్న రూపంలో చూడాలంటే ఆలస్యం చేయకండి. బైనాక్యులర్స్ ఇంటి దగ్గర్నుంచే తీసుకెళ్ళండి, పిల్లల్ని తీసుకెళ్తే ప్యాడాక్ దగ్గర నిలబెట్టండి, పందెం కాయాలనిపిస్తే బావ లెక్క ప్రకారం డబ్బులు ముందే విడిగా పెట్టుకోండి. రైలు, గదులు, తిండి, టాక్సీలు, ఆ రిమోట్ 200తో సహా నలుగురికీ కలిపి మాకు 31,450 అయింది, బావ పందేలు అందులో కలపలేదు.