రాళ్ల మీద తెలుపు: చెన్నై ఇంట్లో డ్రై రాక్‌తో 18 నెలలు

2023 జనవరిలో పెరంబూరులోని మా ఇంటి హాల్లో మూడడుగుల ఉప్పునీటి ట్యాంక్ పెట్టాం. 180 లీటర్ల నీళ్లు, 18 కిలోల డ్రై రాక్, అంటే ప్రాణులేవీ లేని ఎండు రాయి. ఈ 18 నెలల్లో ఆ రాళ్లు మూడుసార్లు తెల్లబడ్డాయి, మూడుసార్లూ కారణం వేరు. మొదటి రెండుసార్లు నేను తొందరపడి చేసిన పని వల్లే ఇబ్బంది పెరిగింది. డ్రై రాక్ కొనమంటారా అని అడిగితే కొనమనే చెప్తాను. అయితే తెలుపు కనబడగానే బ్రష్ అందుకోకండి, ముందు చెయ్యి పెట్టి తాకి చూడండి. మెత్తగా ఉందా, గరుకుగా ఉందా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ముందు డ్రై రాక్ ఎందుకో చెప్పాలి. లైవ్ రాక్ అంటే సముద్రంలోంచి ప్రాణులతో సహా తీసిన రాయి. మన్నార్ సింధుశాఖ లాంటి పగడపు దిబ్బల నుంచి అలా తియ్యడం నాకు ఇష్టం లేదు. పైగా గట్టి పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. డ్రై రాక్‌తో ఆ బెంగ లేదు. దానితో పాటు పురుగులు, ఐప్టేషియా అనే సీ అనిమోన్ లాంటి మొండి జీవాలు కూడా ఇంట్లోకి రావు. కొళత్తూరులో మూడు షాపులు తిరిగి, చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా అనిపించిన ముక్కలే ఏరుకున్నాను. తేలిక రాయిలో రంధ్రాలు ఎక్కువ, చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాను తినే మంచి బ్యాక్టీరియాకు చోటు ఎక్కువ.

తొమ్మిదో రోజు మొదటి తెలుపు వచ్చింది. రాళ్ల అంచుల మీద సాలెగూడులా, నీటి పారుదలకు ఊగుతూ కనిపించింది. మా అత్తయ్య చూసి, "బూజు పట్టింది బాబూ, పచ్చడి జాడీలో పట్టినట్టు ఉంది" అన్నారు. నాకూ అలాగే అనిపించి భయం వేసింది. తెలిసిన ఒకాయన ఫంగస్ అన్నారు. ఆ మాట నమ్మి రాళ్లన్నీ బయటికి తీసి, పాత టూత్‌బ్రష్‌తో కుళాయి నీళ్ల కింద రుద్దాను. మెట్రో వాటర్‌లో క్లోరిన్ ఉంటుంది. రాయి మీద అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న మంచి బ్యాక్టీరియా కూడా దాంతో పోయింది. పది రోజుల్లో ఆ తెలుపు మళ్లీ వచ్చింది, అమ్మోనియా మాత్రం దిగలేదు.

తర్వాత అర్థమైంది. డ్రై రాక్ ఎంత ఎండినా దాని రంధ్రాల్లో పాత జీవపదార్థం కొంత మిగిలే ఉంటుంది. నీళ్లు తగలగానే దాన్ని తినే బ్యాక్టీరియా పైన తెల్లటి పొరలా పెరుగుతుంది. తిండి అయిపోతే పొర కూడా పోతుంది. అందుకే అది మళ్లీ వచ్చినప్పుడు నేను రాళ్ల జోలికి వెళ్లలేదు. రెండు రోజులకోసారి పెద్ద సిరంజితో రాళ్ల మీద నీళ్లు చిమ్మి, లేచిన చెత్తను ఫిల్టర్ గుడ్డలో పట్టాను. మూడు వారాల్లో తెలుపు పోయి దాని చోట గోధుమరంగు డయాటమ్ (కంటికి కనబడనంత చిన్న నాచు) పొర వచ్చింది. కొత్త ట్యాంక్‌లో అది రావడం మామూలే. అమ్మోనియా, దాని నుంచి తయారయ్యే నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చేసరికి రాళ్లు వేసి తొమ్మిది వారాలైంది. అంతవరకు ఒక్క చేపనూ వెయ్యలేదు, అదొక్కటే మొదటి నుంచీ సరిగ్గా చేసిన పని. ఇవాళ మళ్లీ కొంటే రాళ్లను ట్యాంక్‌లో వెయ్యకుండా ముందు ఒక డ్రమ్ములో ఉప్పునీళ్లు, చిన్న పంపు పెట్టి నెల రోజులు నానబెడతాను. ఆ బూజు ఏదో డ్రమ్ములోనే వచ్చి పోతుంది.

ఇక రెండో తెలుపు. ఎక్కువ టెన్షన్ పెట్టింది, ఎక్కువ నేర్పింది కూడా ఇదే.

మే నెల. చెన్నై ఎండకి హాల్లో రోజంతా ఏసీ, కిటికీలన్నీ మూసే ఉంటాయి. ట్యాంక్ పీహెచ్ చూస్తే 7.8. 8.1 పైన ఉండాలని చదివి, పీహెచ్ పెంచే బఫర్ పొడి రోజూ కొంచెం కలపడం మొదలుపెట్టాను. పొడి వేసిన చోట నీళ్లు ఒక నిమిషం పాలలా అయ్యేవి, తర్వాత తేటపడేవి. పీహెచ్ సాయంత్రానికి పెరిగేది, తెల్లారేసరికి మళ్లీ పడిపోయేది. మూడు వారాలకి పంపు శబ్దం మారింది. అదే వారం రాళ్ల పైభాగం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. ఈసారి తాకితే ఇసుక కాగితంలా గరుకుగా ఉంది.

పంపు విప్పి చూస్తే ఇంపెల్లర్ (నీళ్లు తోసే రెక్కల చక్రం) చుట్టూ అదే తెల్లటి పెచ్చు. దాన్ని గోరుతో గీకి ఒక చుక్క వెనిగర్ వేస్తే బుసబుసా పొంగింది. కాల్షియం కార్బొనేట్ అన్నమాట. ఈ పరీక్ష పంపు మీదో అద్దం మీదో ఉన్న పెచ్చుతోనే చెయ్యాలి. రాయి కూడా కాల్షియం కార్బొనేటే కాబట్టి రాయి మీద వేస్తే ఎప్పుడైనా పొంగుతుంది, దానివల్ల ఏమీ తెలియదు. పంపుకే ముందు ఎందుకు పట్టిందంటే, వేడి పెరిగితే కాల్షియం కార్బొనేట్ నీళ్లలో కరగడం తగ్గుతుంది. ట్యాంక్‌లో అన్నిటికంటే వేడిగా ఉండేది పంపు మోటారే. హీటర్ వాడే ఊళ్లలో హీటర్‌కి పడుతుంది.

అప్పుడు పరుగెత్తి కేహెచ్ (నీళ్లలో కార్బొనేట్ ఎంతుందో చెప్పే లెక్క) కిట్, కాల్షియం కిట్ కొన్నాను. నిజానికి పొడి కంటే ముందు కొనాల్సినవి అవి. కేహెచ్ 13.5 ఉంది, 8 నుంచి 10 మధ్య ఉంటే చాలు. 430 దగ్గర ఉండాల్సిన కాల్షియం 360కి పడిపోయింది. తగ్గిన కాల్షియం ఎక్కడికీ పోలేదు, రాళ్ల మీదే పేరుకుంది. అసలు పీహెచ్ తగ్గడానికి కారణం నీళ్లలో లేదు, గదిలో ఉంది. మూసిన గదిలో నలుగురు మనుషుల ఊపిరి, వంటింటి గ్యాస్ పొయ్యి. ఆ కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగి పీహెచ్‌ని కిందికి లాగుతోంది. పొడి ఆపేసి, వారానికి 20 శాతం చొప్పున రెండుసార్లు నీళ్లు మార్చాను. స్కిమ్మర్ (గాలి బుడగలతో మురికి తీసే పరికరం) గాలి గొట్టాన్ని కిటికీ సందులోంచి బయటికి పెట్టాను. కేహెచ్ 9కి దిగింది, పీహెచ్ 8.1కి వచ్చి నిలబడింది. పంపుని సగం నీళ్లు సగం వెనిగర్‌లో గంటసేపు నానబెడితే శుభ్రమైంది. రాళ్ల మీది పెచ్చుని మాత్రం వదిలేశాను. గీకాలని చూస్తే రాయి విరుగుతుంది.

ఇక్కడే ఇంకో తెలుపు గురించి ఒక ముక్క. నీటి మట్టం పైన, అద్దం అంచున కట్టే తెల్లటి గట్టు ఉప్పు. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఎండాకాలం మా ట్యాంక్‌లో రోజుకి రెండు లీటర్లు ఆవిరయ్యేది. నీళ్లే పోతాయి, ఉప్పు మిగులుతుంది. అందుకే పైన పోసేవి ఆర్ఓ మంచినీళ్లే అయి ఉండాలి. వంటింటి ఆర్ఓలో రుచి కోసం ఖనిజాలు కలిపే కార్ట్రిడ్జ్ ఉంటే ఆ నీళ్లు వద్దు. నేను ఆర్ఓ తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెసిన్ పెట్టించాను, టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న పదార్థాల లెక్క) సున్నా వస్తోంది. సాంద్రత 1.025 దగ్గర పెడతాను, ఉప్పు ఎంతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని 35 పీపీటీ (కిలోకి 35 గ్రాముల ఉప్పు) ద్రావణంతో నెలకోసారి సరిచూసుకుంటాను.

మూడో తెలుపు డిసెంబరులో వచ్చింది. బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను అంతకు ముందు చెన్నైని ముంచేసింది కదా, మా వీధిలో రెండు రోజులు కరెంటు లేదు. మోకాలి లోతు నీళ్లు. బ్యాటరీ ఎయిర్ పంపు ఒక్కటే ఆధారం. మా అమ్మాయి రాత్రంతా టార్చి వేసి రెండు క్లౌన్ ఫిష్‌లు ఊపిరి తీస్తున్నాయా లేదా అని చూస్తూ కూర్చుంది. కరెంటు వచ్చిన మూడో రోజు రాళ్ల అడుగున మళ్లీ మెత్తటి తెల్లటి పొర వచ్చింది. ఈసారి కుళ్లిన వాసన కూడా ఉంది. నీటి పారుదల ఆగి, నీడలో పెరిగిన స్పంజికలు చచ్చిపోయాయి. అమ్మోనియా 0.5. కొత్త ట్యాంక్‌లో వచ్చిన పొరకీ దీనికీ చూపులో తేడా లేదు, కానీ ఇప్పుడు లోపల చేపలున్నాయి, ఓపిక పట్టే వీలు లేదు. వెంటనే 30 శాతం నీళ్లు మార్చి, చచ్చినదాన్ని గొట్టంతో లాగేసి, రెండు రోజుల తర్వాత మళ్లీ మార్చాను. రెండు చేపలూ బతికాయి. ఇంట్లో ఉప్పునీటి ట్యాంక్ పెట్టేవాళ్లు లైటుకి పెట్టే డబ్బులో కొంత తగ్గించైనా బ్యాటరీ పంపు కొనిపెట్టుకోవాలి.

అద్దం మీద, రాళ్ల మీద ఆవగింజ కంటే చిన్న తెల్ల చుట్టలు కనబడితే కంగారు పడకండి, అవి చిన్న గొట్టపు పురుగులు. మేలే తప్ప కీడు లేదు.

డ్రై రాక్ మీద నాకున్న అసంతృప్తి ఒక్కటే, రంగు. కోరలైన్ అనే ఊదారంగు నాచు పొర రావడానికి ఎనిమిది నెలలు పట్టింది, అదీ ఒక నత్త గుల్ల మీద అంటుకుని వస్తే. అంతవరకు హాల్లోకి వచ్చిన చుట్టాలకి కనిపించేది సిమెంటు ముద్దలే. ఇప్పుడు ఎడమవైపు రాళ్లు చాలావరకు ఊదాగా మారాయి. మేలో సున్నం పట్టిన రాయి నిరుడంతా అలాగే తెల్లగా ఉండిపోయింది. పోయిన వారం చూస్తే దాని కింది అంచున, ఆ పెచ్చు మీదే, బొట్టుబిళ్లంత ఊదా మచ్చలు నాలుగు వచ్చాయి.