లారీ పార్టుల షాపులో నెట్ ఫోన్లు: ఐదారేళ్లు వాడాక

విజయవాడ ఆటోనగర్‌లో మాది లారీ స్పేర్ పార్టుల షాపు. కింద కౌంటర్, మేడ మీద అకౌంట్స్, వెనక సందులో గోడౌన్. మొత్తం తొమ్మిది మందిమి. 2019 దాకా రెండు ల్యాండ్‌లైన్లు, ఎనిమిది ఎక్స్‌టెన్షన్ల పాత ఈపీఏబీఎక్స్ (షాపులో ఫోన్లన్నీ కలిపే) డబ్బాతో నెట్టుకొచ్చాం. ఓ వానాకాలం పిడుగుకి అందులో కార్డు కాలిపోయింది. బాగుచేసేవాడు దొరకలేదు, నెట్ ఫోన్ల వైపు వెళ్లాం.

మొదట తీసుకున్నది క్లౌడ్ నంబర్. షాపులో ఏ పెట్టే అక్కర్లేదు. ఆ నంబర్‌కి కాల్ వస్తే వాళ్ల సర్వర్ మన కుర్రాళ్ల సెల్‌ఫోన్లకి వరసగా రింగ్ ఇస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో షాపు మూసి ఇంట్లో కూర్చున్నా ఆర్డర్లు రాసుకోగలిగామంటే దీని పుణ్యమే. ఇంకో లాభం, కుర్రాడు ఉద్యోగం మానేసినా కస్టమర్లకి తెలిసిన నంబర్ షాపు దగ్గరే ఉంటుంది. రికార్డింగ్ కూడా పనికొచ్చింది. ‘ఎడమ వైపుది అడిగితే కుడిది పంపారేంటి’ అని గొడవకొచ్చిన ఒకాయనకి ఆయన మాటే వినిపించాం. నవ్వేసి మార్చుకెళ్లాడు.

ఇబ్బంది పెట్టింది ఐవీఆర్, అంటే నంబర్లు నొక్కమని చెప్పే రికార్డు గొంతు. ‘సేల్స్ కోసం ఒకటి నొక్కండి’ అని తియ్యటి గొంతు పెట్టించాం. వారం తర్వాత రికార్డింగులు విన్నాను. వెనకాల లారీ హారన్లు, మధ్యలో డ్రైవర్: ‘హలో... బాబాయ్... ఎవరో ఆడమనిషి ఎత్తిందిరా, రాంగ్ నంబరు’. టప్పున కట్. చెవి దగ్గరున్న ఫోను తీసి, కీప్యాడ్ తెరిచి, ఒకటి నొక్కే ఓపిక హైవే మీద బండి ఆగిపోయిన మనిషికి ఎక్కడిది? తీసేసి నేరుగా కౌంటర్‌కి పెట్టించాక మిస్డ్ కాల్స్ బాగా తగ్గాయి.

బిల్లు సంగతి ఆలస్యంగా తెలిసింది. మనం బయటికి చేసే కాల్ ముందు మన కుర్రాడి సెల్‌కి వస్తుంది, తర్వాత కస్టమర్‌కి వెళ్తుంది. అంటే రెండు కాల్స్, రెండూ మన లెక్కే. మా ప్లాన్‌లో నిమిషం పల్స్, అంటే నిమిషం మీద ఒక్క సెకను దాటినా ఇంకో నిమిషం లెక్క. 61 సెకన్లు మాట్లాడితే నాలుగు నిమిషాలు పడేది! పైగా కౌంటర్ నుంచి గోడౌన్‌కి ‘ఆ క్లచ్ ప్లేటు ఉందా’ అని అడగడానికి ఇది ఎందుకూ పనికిరాదు. మా ఫోన్లలో సగానికి పైగా అలాంటివే.

అందుకే 2021లో షాపులోనే చిన్న ఐపీ పీబీఎక్స్ పెట్టించాం, అంటే పాత డబ్బా పనే నెట్ ఫోన్లతో చేసే పెట్టె. లోపల నడిచేది ఆస్టరిస్క్, 1999లో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. ఖర్చంతా పెట్టెకి, ఫోన్లకి, అమర్చిన వాళ్లకి. బయటి కాల్స్‌కి టెలికాం కంపెనీ నుంచి సిప్ ట్రంక్, అంటే నెట్ మీద వచ్చే ఫోన్ లైన్. గోడౌన్‌తో రోజంతా మాట్లాడినా పైసా పడదు.

అయితే మొదటి మూడు వారాలు నరకం. ప్రతి ఇన్‌కమింగ్ కాల్ సరిగ్గా 32 సెకన్లకి తెగిపోయేది. పార్ట్ నంబర్ చెబుతుండగానే కట్. పెట్టె అమ్మినవాడు నెట్ వాడి మీద, నెట్ వాడు పెట్టె మీద తోసుకున్నారు. చివరికి దోషి రౌటర్‌లోని ‘సిప్ ఏఎల్‌జీ’ అనే సెట్టింగ్. సాయం చేస్తున్నాననుకుని అది ఫోన్ సందేశాల్లో అడ్రసులు మార్చేస్తుంది. కాల్ ఎత్తామన్న మన మాటకి ‘అందింది’ అనే జవాబు రాకపోతే, 32 సెకన్లు చూసి పీబీఎక్స్ కాల్ తెంచేస్తుంది. ఒక్క టిక్ తీసేస్తే బాగైపోయింది. మూడు వారాల టెన్షన్ ఆ టిక్ కోసం.

స్పీడు గురించి కంగారు పడక్కర్లేదు. మామూలు క్వాలిటీ కాల్‌కి ఒక్కో వైపు 90 కేబీపీఎస్ లోపే సరిపోతుంది. మా గొంతులు ముక్కలైంది సీసీ కెమెరాల ఫుటేజి క్లౌడ్‌కి ఎక్కేటప్పుడు. రౌటర్‌లో వాయిస్‌కి మొదటి దారి ఇచ్చాక పోయింది. సెక్యూరిటీకి మాత్రం కంగారు పడాల్సిందే. ఓ రోజు పెట్టెలోని లాగ్ (చిట్టా) తెరిస్తే రాత్రంతా ఎవరో ఎక్స్‌టెన్షన్ నంబర్లు 100, 101, 102 అని వరసపెట్టి పాస్‌వర్డులు ప్రయత్నించారు. లోపలికి రాగలిగితే మన ఖాతాలో విదేశాలకి కాల్స్ చేసుకుంటారు. ఐఎస్‌డీ కంపెనీ వైపే ఆపించేశాం, పాస్‌వర్డులు పొడవు చేశాం.

కరెంటు పోతే పాత ల్యాండ్‌లైన్ ఎక్స్ఛేంజి బ్యాటరీతో మోగేది. ఇప్పుడు రౌటర్, నెట్‌వర్క్ స్విచ్, పెట్టె అన్నిటికీ యూపీఎస్ కావాలి. రోడ్డు తవ్వి ఫైబర్ తెంపితే కాల్స్ కౌంటర్ సెల్‌కి మళ్లేలా ట్రంక్ కంపెనీతో పెట్టించుకున్నాం. ఒక పాత ల్యాండ్‌లైన్ కూడా తీసేయలేదు. మొబైల్‌లా దాన్ని పోర్ట్ చేసుకునే వీల్లేదు. పాతికేళ్ల క్యాలెండర్ల మీదున్న నంబర్ అది, గేట్‌వే (పాత లైన్‌ని నెట్ ఫోన్లకి కలిపే డబ్బా) పెట్టి ఈ పెట్టెకే కలిపాం.

మనుషులంతా బయట తిరిగే వ్యాపారమైతే క్లౌడ్ తీసుకోండి, పీబీఎక్స్ జోలికి వెళ్లకండి. గోడౌన్, కౌంటర్, ఆఫీసు ఒకే చోట ఉంటే పీబీఎక్స్ పెట్టే మేలు. కాకపోతే ఫోన్ చేస్తే వచ్చే టెక్నీషియన్ ఊళ్లో ఉండాలి. మాకు తీరనిదల్లా గోడౌన్ ఫోన్ స్పీకర్‌లో ఎకో. ఫోను మార్చినా పోలేదు. ‘రిసీవర్ ఎత్తి మాట్లాడవలెను’ అని పక్కన గోడ మీద రాయించాం.