ఇగ్నోలో ఆరేళ్ళు: కొట్లో పనిచేసుకుంటూ విజయవాడలో చదివిన నా అనుభవం

వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్లో ఒక హోల్‌సేల్ చీరల కొట్లో బిల్లింగ్ దగ్గర కూర్చుని పదమూడేళ్ళయింది. అందులో ఈ ఆరేళ్ళూ బిల్లు పుస్తకాల సొరుగులో ఇగ్నో, అంటే దూరవిద్య నడిపే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుస్తకం ఒకటి ఉంటూనే ఉంది. 2019 జులైలో బి.ఏ.లో చేరాను. 2023లో పాసయ్యాను. 2024లో ఎం.ఏ. చరిత్ర కట్టాను, అది నడుస్తోంది. పక్క కొట్లో పనిచేసే అమ్మాయి ఈ మధ్య అడిగింది, "అక్కా, నేను కూడా చేరనా? ఊరికే డబ్బులు దండగ అవుతాయా?" అని. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

విజయవాడలో చదువు అనగానే అందరికీ గుర్తొచ్చేది ఇంటర్ కాలేజీలు, హాస్టళ్ళు, ర్యాంకుల ఫ్లెక్సీలు. అదంతా పదిహేడేళ్ళ పిల్లల లోకం. ఇంటర్‌తో ఆపేసి, పెళ్ళయి, పిల్లలు పుట్టి, పొద్దున్నే క్యారేజీ కట్టుకుని కొట్టుకి పరిగెత్తే మనిషికి ఆ లోకంలో చోటు లేదు. నాకు ముప్పై రెండేళ్ళప్పుడు చదవాలనిపించింది. ఎవర్ని అడగాలో తెలియలేదు.

తెలియక మొదట చేసిన తప్పు చెప్తాను. ఎందుకంటే ఇప్పటికీ కరెంటు స్తంభాల మీద ఆ కాగితాలు కనబడుతూనే ఉన్నాయి: "వన్ సిట్టింగ్ డిగ్రీ, పరీక్ష రాయకపోయినా పర్వాలేదు." 2017లో ఆ కాగితం మీద నంబరు పట్టుకుని గవర్నరుపేట సందులో ఒక ఆఫీసుకి వెళ్ళాను. ఏదో రాష్ట్రంలో ఏదో యూనివర్సిటీ అన్నారు, మూడేళ్ళ డిగ్రీ ఒక్క ఏడాదిలో అన్నారు. చీటీ పాడి తెచ్చిన పద్దెనిమిది వేలు అడ్వాన్సు ఇచ్చాను. మూడు నెలల తర్వాత వెళ్తే ఆ గదిలో మొబైల్ రిపేరు షాపు ఉంది. డబ్బు పోయినందుకంటే, ఇంట్లో ఈ మాట ఎలా చెప్పాలా అనే టెన్షన్‌తో ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఆ రోజు నాకు తెలియని విషయం ఇప్పుడు చేరాలనుకునేవాళ్ళు తెలుసుకోవాలి. దూరవిద్యలో డిగ్రీ ఇచ్చే హక్కు ఏ యూనివర్సిటీకి ఉందో యూనివర్సిటీలని పర్యవేక్షించే యూజీసీలోని డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో (డీఈబీ) వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఎవరైనా చూసుకోవచ్చు. మూడేళ్ళ డిగ్రీని ఏడాదిలో ఇస్తామనేవాడు ఎవడైనా సరే అబద్ధం చెప్తున్నట్టే. ఇప్పుడైతే చేరేవాళ్ళే స్వయంగా ఆ బ్యూరో సైట్‌లో డీఈబీ ఐడీ తీసుకోవాలి. నేను ఎం.ఏ.లో చేరినప్పుడు తీసుకున్నాను. ఏజెంటుతో పనే లేదు.

తర్వాత రెండేళ్ళు చదువు ఊసెత్తలేదు. కొట్టుకి వచ్చే ఒక టీచరమ్మ, చీరలు ప్యాక్ చేయిస్తూ మాటల్లో, "కొత్తపేట హిందూ హైస్కూల్ ఆవరణలోనే ఇగ్నో రీజనల్ సెంటర్ ఉందిగా, నడిచి వెళ్ళేంత దూరం" అన్నారు. భోజనం టైములో వెళ్ళాను. కౌంటర్‌లో ఆయన నా ఇంటర్ మెమో చూసి, "ఇంత గ్యాప్ ఉన్నా ఇబ్బందేం లేదమ్మా, వయసు పరిమితి లేదు" అన్నారు. ఆ మాటకి బయటికొచ్చి స్కూలు అరుగు మీద కాసేపు కూర్చున్నాను.

ఇక చదువు సంగతి. ఇగ్నో పార్లమెంటు చట్టంతో 1985లో పెట్టిన కేంద్ర విశ్వవిద్యాలయం. జనవరిలో, జులైలో రెండుసార్లు చేరొచ్చు. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. నేను చేరినప్పుడు బి.ఏ.కి మొత్తం 132 క్రెడిట్లు, కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళ వెసులుబాటే నాలాంటివాళ్ళకి ప్రాణం. ఒక పేపరు పోయినా, ఒక సీజను పరీక్ష రాయలేకపోయినా ఏడాది మొత్తం పోదు. ఒక్కో క్రెడిట్‌కి 30 గంటల చదువు అని లెక్క. ఏడాదికి 44 క్రెడిట్లు, అంటే 1,320 గంటలు, రోజుకి మూడున్నర గంటల పైమాటే. చేరినప్పుడు ఈ లెక్క ఎవరూ వేసి చెప్పలేదు. దూరవిద్య అంటే తేలిక చదువు అనుకునేవాళ్ళు ముందు ఈ అంకె చూడాలి. నాకు దొరికింది తెల్లవారుజాము నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు, మధ్యాహ్నం అరగంట, ఆదివారం. అందుకే మూడేళ్ళది నాలుగేళ్ళు పట్టింది.

మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లకి, 70 శాతం పరీక్షకి. అసైన్‌మెంట్ చేత్తోనే రాయాలి. ఒక్కో పేపరుకి 20 మార్కుల ప్రశ్నలు రెండు, 10 మార్కులవి మూడు, 6 మార్కులవి ఐదు. మొదటి ఏడాది నేను చేసిందేమిటంటే, చరిత్ర పుస్తకంలో పేరాలు ఉన్నవి ఉన్నట్టు దించేశాను. రాసిన జవాబులే జిరాక్స్ సెంటర్లలో అమ్ముతారు కూడా, చాలామంది కొంటారు. నా కాగితాలు దిద్దిన తర్వాత తిరిగి వచ్చాయి. మూడో పేజీ అంచున ఎర్ర ఇంకుతో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది: ఇది పుస్తకంలోది, మీకు అర్థమైనది రాయండి. కింద చిన్న గీత, పక్కన 52 మార్కులు. ఎవరు దిద్దారో నాకు తెలియదు. ఇంటర్ వరకు చదివిన పన్నెండేళ్ళలో నాకు అర్థమైనది రాయమని అడిగినవాళ్ళు లేరు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

రెండో అసైన్‌మెంట్‌లో ప్రాచీన కాలపు వర్తకం గురించి ప్రశ్న వచ్చింది. పుస్తకంలో రోమన్ నాణేల గురించి చదువుతుంటే ఒక చోట చెయ్యి ఆగిపోయింది. ఒకటో శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు మన తూర్పు తీరం గురించి రాస్తూ, మసాలియా అనే చోట సన్నని నూలు బట్టలు చాలా నేస్తారని చెప్పాడట. మసాలియా అంటే మన మచిలీపట్నం వైపు ప్రాంతమే అంటారు. నేను రోజూ బిల్లు కొట్టేది నూలు చీరలకి. తానులు విప్పి, మీటర్లు కొలిచి, మడతలు లెక్కపెట్టే ఈ పని రెండు వేల ఏళ్ళ నాడు కూడా ఈ కృష్ణా తీరంలో జరిగిందని తెలిశాక, కొట్లోకి అడుగుపెట్టడమే వేరుగా అనిపించింది. ఆ జవాబు నా మాటల్లో రాశాను. ఇంగ్లీషు తప్పులు బోలెడు. 71 వచ్చింది.

నాకు అసలు కష్టం ఇంగ్లీషే. నేను తెలుగు మీడియం. నేను చేరినప్పుడు బి.ఏ. పుస్తకాలు నాకు ఇంగ్లీషులోనే వచ్చాయి. మొదటి రెండు నెలలు ఒక పేజీకి గంట పట్టేది. దీనికి నాకు దొరికిన మార్గం లెనిన్ సెంటర్. అక్కడి పాత పుస్తకాల కొట్లలో తెలుగు అకాడమి డిగ్రీ చరిత్ర, రాజనీతిశాస్త్రం పుస్తకాలు సగం ధరకి దొరుకుతాయి. ముందు తెలుగులో ఆ పాఠం చదివేసి, తర్వాత ఇగ్నో పుస్తకం తెరిస్తే వాక్యాలు వాటంతటవే విడిపోయేవి. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇందులో చేరేవాళ్ళందరికీ నేను చెప్పే మొదటి మాట ఇదే. అలా చేసినా ఇంగ్లీషు పేపరు ఒకటి తప్పాను. మళ్ళీ రాసి గట్టెక్కాను. మా బి.ఏ.లో ఒక్కో పేపరులో 35 శాతం వస్తే పాస్, కానీ అసైన్‌మెంట్‌లోనూ పరీక్షలోనూ వేర్వేరుగా రావాలి.

ఇంట్లో చదవడం కుదరదు. ఒకటిన్నర గది ఇల్లు, టీవీ, పిల్లాడి హోంవర్కు. ఆదివారాలు లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాను. ప్రభుత్వ శాఖా గ్రంథాలయాలకి మామూలుగా సెలవు శుక్రవారం. ఆదివారం తెరిచే ఉంటాయి. ఉద్యోగం చేసుకునేవాళ్ళకి ఇది పెద్ద వరం. పొద్దున ఎనిమిదింటికే గ్రూప్-2కి, కానిస్టేబుల్‌కి, డీఎస్సీకి చదివే పిల్లలు కుర్చీలు పట్టేస్తారు. మొదటిరోజు చీర కొంగు సర్దుకుంటూ తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఒక అబ్బాయి తన సంచి తీసి, "రండి మేడమ్, కూర్చోండి" అన్నాడు. అప్పటి నుంచి రెండేళ్ళు ఆ బల్ల దగ్గరే చదివాను. మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది. అంటే ఆ కుర్చీ మనదే. ఈ ఊరికి ఆ అలవాటు కొత్త కూడా కాదు. 1911లోనే బెజవాడలో రామ్మోహన గ్రంథాలయం పెట్టారు. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ ఇక్కడే జరిగింది, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. అయ్యంకి వెంకట రమణయ్య గారు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించింది నాలాంటివాళ్ళ కోసమే అని నేను నమ్ముతాను.

అమరావతి స్తూపం పాఠం చదివిన వారం మా అబ్బాయిని తీసుకుని బస్సెక్కాను. అప్పుడు వాడు ఆరో తరగతి. పుస్తకంలో కల్నల్ మెకంజీ అనే బ్రిటిష్ అధికారి 1797లో ఆ స్తూపం దిబ్బ చూడటం, తర్వాత శిల్పాలు మద్రాసుకీ లండన్‌కీ వెళ్ళిపోవడం చదివాను. అక్కడ మ్యూజియంలో పూర్ణకుంభం చెక్కిన పలక ముందు వాడు, "అమ్మా, ఇది గవర్నమెంటు కాగితాల మీద ఉంటుందిగా?" అన్నాడు. మిగతావి ఎక్కడున్నాయని అడిగాడు. చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చదువుతున్నది నేనే అయినా, ఆ రోజు ఇద్దరం నేర్చుకున్నాం.

బాగాలేనివి కూడా చెప్పాలి. నాకు కేటాయించిన స్టడీ సెంటర్‌లో ఆదివారం క్లాసులు ఉంటాయన్నారు. రెండుసార్లు వెళ్తే గదికి తాళం. మూడోసారి మేం ముగ్గురమే. క్లాసుల మీద ఆశ పెట్టుకుని చేరితే నిరుత్సాహం తప్పదు. అంతకంటే బాధపెట్టింది ఇంకొకటి ఉంది. రెండో ఏడాది రాజనీతిశాస్త్రం అసైన్‌మెంట్ మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కలేదు. స్టడీ సెంటర్‌లో అడిగితే "మీరు ఇవ్వలేదేమో" అన్నారు. తొమ్మిది నెలలు తిరిగాను. చివరికి రసీదు మా ఇంట్లో పట్టుచీర పెట్టెలో, కాగితం మడతలో దొరికింది. రీజనల్ సెంటర్‌లో ఆ రసీదు చూపించి అర్జీ రాసిచ్చాక మార్కులు వచ్చాయి. రసీదు లేకపోతే ఆ అసైన్‌మెంట్ మళ్ళీ మొదటి నుంచి రాయాల్సి వచ్చేది. అసైన్‌మెంట్ ఇచ్చేముందు ప్రతి పేజీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. రసీదు మీద స్టాంపు పడేవరకు కౌంటర్ వదలొద్దు.

2020 జూన్ పరీక్షలు కరోనా వల్ల సెప్టెంబర్‌కి జరిగాయి. మాస్కు పెట్టుకుని మూడు గంటలు రాయడం, కళ్ళద్దాల మీద ఆవిరి. అదీ గడిచింది.

డిగ్రీ వచ్చాక జీతం పెరిగిందా అని అడుగుతారు. పెరగలేదు. మా షావుకారు గారు స్వీటు బాక్సు తెప్పించి కొట్లో అందరికీ పంచారు, అంతే. 2024 ఫిబ్రవరిలో గ్రూప్-2 ప్రిలిమ్స్ రాశాను, రాలేదు. కానీ ఆ దరఖాస్తులో డిగ్రీ అనే గడి నింపగలిగాను. ఇంతకుముందు ఆ గడి దగ్గరే నా దరఖాస్తులన్నీ ఆగిపోయేవి. మళ్ళీ నోటిఫికేషన్ వస్తే మళ్ళీ రాస్తాను.

ఎవరికి వద్దంటానంటే, పదిమందిలో కూర్చుంటేగానీ చదవలేనివాళ్ళకి, ఎదురుగా మాస్టారు ఉంటేగానీ అర్థం కానివాళ్ళకి. అది తప్పేం కాదు, కానీ ఇక్కడ ఒంటరిగా చదవాలి. తోడు మనమే వెతుక్కోవాలి. నాకు లైబ్రరీ బల్ల, లెనిన్ సెంటర్ తోడయ్యాయి. రెండేళ్ళుగా ఏ పుస్తకమూ ముట్టకుండా ఉన్నవాళ్ళు నేరుగా ఫీజు కట్టకండి. ఇగ్నో పాఠాలు ఈజ్ఞానకోశ్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఒక పాఠం దించుకుని నెల రోజులు చదివి చూడండి. చదవగలిగితే అప్పుడు చేరండి.

పక్క కొట్టు అమ్మాయికి కూడా అదే చెప్పాను. ప్రాచీన భారత చరిత్ర మొదటి యూనిట్ ఫోన్‌లో దించుకుంది. నిన్న సాయంత్రం షట్టర్లు దించే టైముకి వచ్చి, తొమ్మిదో పేజీలో ఒక పేరా మూడుసార్లు చదివినా ఎక్కడం లేదంది. రేపు భోజనం టైములో క్యారేజీ పట్టుకుని రమ్మన్నాను. నా తెలుగు అకాడమి పుస్తకం సంచిలో పెట్టుకున్నాను.